గూని రాజు, మూటల బాబాయి

నా చిన్నప్పుడు రేపల్లెలో మధ్యాహ్నాలు ఎంతకీ తరిగేవి కావు. అమ్మ అన్నం తిని నడుం వాల్చగానే నేను పిట్టగోడ దాటి పక్కింటి అక్క దగ్గరికి చేరేదాన్ని. అక్క తెనాలి కాలేజీలో చదువుతూ రోజూ రైల్లో వెళ్ళివచ్చేది. సెలవుల్లో మాత్రం వసారాలో చాప పరుచుకుని ఇంగ్లీషు నవలలు చదివేది. మా చర్చికి వచ్చి కొన్నేళ్ళుండి వెళ్ళిపోయిన ఒక దొరసానమ్మ, పోతూ పోతూ అక్క వాళ్ళ నాన్నగారికి ఇచ్చిన పుస్తకాలవి. నాకు ఇంగ్లీషు రాదు. అక్క నాలుగు పేజీలు చదివి, పుస్తకం ఒళ్ళో బోర్లించి, పైన తిరిగే ఫ్యాను వంక చూస్తూ అదంతా తెలుగులో చెప్పేది. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. సగం కథలో ఉండేదాన్ని, సగం నిద్రలో ఉండేదాన్ని.

ఆ వేసవిలో మాకు దొరికింది ఇంగ్లండును ఎన్నో వందల ఏళ్ళ కిందట ఏలిన ఒక రాజు కథ. అతనికి వీపు వంగి, ఒక భుజం ఎత్తుగా ఉండేదట. అన్న చనిపోయాక ఆయన ఇద్దరు చిన్న కొడుకుల్నీ కాపాడవలసిన పినతండ్రి అతనే. పిల్లల్ని ఒక రాతి కోటలో ఉంచి కిరీటం తను పెట్టుకున్నాడు. కోట అంటే నాకు మా స్టేషన్ దగ్గరి నీళ్ళ ట్యాంకే తెలుసు. దానికే నేను కిటికీలు పెట్టాను, ఆ కిటికీల్లో ఇద్దరు పిల్లల మొహాలు పెట్టాను. బళ్ళు తెరిచే రోజుల్లో, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, రాజు ఆ పిల్లల్ని నిద్రలోనే చంపించాడని అక్క చెప్పింది. దిండు గురించి, ఆరిపోయిన దీపం గురించి ఎంత బాగా చెప్పిందంటే నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా వీధి చివర మూటల బాబాయి ఉండేవాడు. చీరాల మనిషి. చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కూర్చుని నేసి, ఆ తరువాత ఇల్లిల్లూ తిరిగి బట్టలమ్ముతూ మూట మోసి మోసి, నడుం వంగిపోయింది. కుడి భుజం ఎడమదాని కంటే ఎత్తు. చనిపోయిన అన్న కొడుకులు ఇద్దర్నీ తనే పెంచుకునేవాడు. పెద్దవాడు నా ఈడువాడు. అక్క ఆ కథ చెప్పిన వారమే ఆ పిల్లలిద్దరూ వీధిలో కనపడటం మానేశారు.

ఇక నాకు వేరే రుజువు ఏం కావాలి? నా నోట్లో నువ్వుగింజ నానదని మా నాయనమ్మ ఊరికే అనలేదు. వీధి పంపు దగ్గర నా స్నేహితురాలి చెవిలో వేశాను. చీరాలలో అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు ఉందట, దానికోసం పిల్లల్ని ఏదో చేసి ఉంటాడేమో అన్నాను. మాట వీధి చుట్టి మా ఇంటికి తిరిగొచ్చేసరికి ఆ 'ఏమో' రాలిపోయింది. అమ్మే నాన్నకు చెబుతుంటే విన్నాను. మొదట చెప్పినదాన్ని నేనే అయినా, అమ్మ నోట వినేసరికి నాకు అది ఇంకా నిజమనిపించింది!

ఆ రోజు నుంచి ఎవరూ బాబాయిని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఒకరోజు మా ఇంటి ముందు ఆగితే అమ్మ కిటికీలోంచే వద్దులే అనేసింది. ఆయన మూట మెట్టు మీద ఆనించి, చెమట తుడుచుకుంటూ నన్ను అడిగాడు.

"ఏంటి పాపా, ఎవ్వరూ మూట ఇప్పమనట్లేదు? నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

నేను ఇంట్లోకి పరుగెత్తాను. ఆ మనిషి అక్కడే ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అక్క నన్ను పిలిచింది. ఊళ్ళో మాట ఆమె చెవిన కూడా పడింది.

"ఈ సంగతి నీకెవరు చెప్పారే?"

"నువ్వే చెప్పావుగా అక్కా, దిండు పెట్టి చంపించాడని."

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. మర్నాడు చాప మీద కూర్చోబెట్టి, అదే పుస్తకం తెరిచి, అదే చోటు నుంచి మళ్ళీ చెప్పింది. ఈసారి రాజు పిల్లల్ని చంపలేదు. వాళ్ళకు శత్రువులున్నారని తెలిసి, తెల్లవారుజామున తన దుప్పటిలో చుట్టి పడవ ఎక్కించాడు. మంచులో పడవ మాయమయ్యేదాకా ఒడ్డున నిలబడ్డాడు. వాళ్ళెక్కడున్నారో చెబితే పిల్లల ప్రాణానికి ముప్పు కాబట్టి, హంతకుడన్న పేరు మోస్తూ ఊరుకున్నాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. రెంటిలో ఏది నిజమని అడిగితే అక్క పుస్తకం మూసి, శనివారం బాపట్ల వెళ్దాం పద అంది.

అక్క ముందే మాట్లాడి ఉంచిందేమో, ఆ శనివారం బాబాయి చేతిలో చేగోడీల డబ్బాతో మా కంటే ముందే స్టేషన్‌లో ఉన్నాడు. తెనాలిలో బండి మారి బాపట్లలో దిగేదాకా నేను ఆయన వంక చూడలేదు, కిటికీలోంచి నీళ్ళు పెట్టిన పొలాలనే చూశాను. బళ్ళు తెరవగానే బాబాయి వాళ్ళను చేర్పించిన హాస్టల్ గేటు దగ్గర పిల్లలిద్దరూ కేకలు పెడుతూ వచ్చారు. చిన్నవాడు అలవాటుగా బాబాయి వంగిన వీపు మీదికెక్కి మెడ కరుచుకున్నాడు. ఆ వీపు వాడి కోసమే అలా వంగిందా అన్నట్టు అమరిపోయాడు. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళకు కూడా అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తిరుగు రైల్లో జరిగినదంతా ఆయనకు చెప్పేశాను. నిడుబ్రోలు దాటాక నా తల మీద చెయ్యి వేశాడు.

"పిల్లలు బానే ఉన్నారని కూడా నువ్వే చెప్పు పాపా. నీ మాటైతే ఇంటారు."

సోమవారం బడి వదిలాక ఆయన వెనకాలే ఇల్లిల్లూ తిరిగాను. పిల్లల్ని చూశానండి, బాపట్ల హాస్టల్లో ఉన్నారండి, అబద్ధం చెప్పింది నేనేనండి, అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. మా అమ్మ ముందు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. చాలామంది మూట విప్పించారు. రెండిళ్ళవాళ్ళు మాత్రం ఆ తరువాత ఎప్పుడూ విప్పించలేదు. ఆ రెండిళ్ళూ నా లెక్కలోవే.

అక్క పెళ్ళయి వెళుతూ ఆ పుస్తకం నాకిచ్చింది. డిగ్రీ చదివే రోజుల్లో, సొంతంగా చదవగలనన్న ధీమాతో తెరిచాను. పిల్లలు కోటలోకి వెళ్ళారు. కాగితం తిప్పితే ఎనభై నాలుగు తరువాత తొంభై ఒకటో పేజీ ఉంది. నడుమ మూడు కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి, కుట్టు దారం మాత్రం మిగిలింది. తొంభై ఒకటిలో ఎవరో రాజును హంతకుడని తిడుతున్నారు, ఎవరో కాదంటున్నారు. దిండూ దీపమూ పడవా మంచూ, అన్నీ అక్క అల్లినవే. అక్క మొహం ఆ రోజు ఎందుకు పాలిపోయిందో అప్పుడు తెలిసింది. ఊళ్ళోకి వెళ్ళింది నా నోటి మాటే, పుట్టింది మాత్రం అక్క నోట. బాపట్ల ప్రయాణం నా ఒక్కదాని కోసమే కాదు.

ఆ రాజు ఎముకలు ఏదో కార్లు నిలిపే స్థలం కింద దొరికాయని కొన్నేళ్ళ కిందట పేపర్లో చదివాను. వెన్ను వంకర నిజమేనట. పిల్లల సంగతి మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదట.

మొన్న నా మనవరాలు ఫోనులో వచ్చిన ఒక వార్త చదివి వినిపించింది, ఎవరో ఎవరినో ఏదో చేశారని. నా బొటనవేలు దానంతటదే చీర కుచ్చిళ్ళను కాగితాల్లా తడమడం మొదలుపెట్టింది.

"ఆ పేజీ ఉందా తల్లీ, నువ్వు చూశావా?" అని అడిగాను.