నీలం అంచు పువ్వు

స్వరూప ఫోన్ చేసి రమ్మనకపోతే ఆ ఎండల్లో ఇబ్రహీంపట్నం ప్రయాణం పెట్టుకునేదాన్ని కాదు. ఆఫ్రికన్ వయొలెట్లనే చిన్న కుండీ పూలమొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పరిచయమైంది ఆమె. ఇంట్లోనే బట్టలు కుట్టేది. నేను ఆకులు పంపితే మట్టిలో గుచ్చి మొక్కలు చేసేది. అంతటితో ఆగక, ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటించి కొత్త రంగులు పుట్టించాలని చూసేది. తెల్ల పువ్వుకు నీలం అంచు రావాలని ఆమె కోరిక. ఏళ్ల తరబడి అదే ధ్యాస. ఈలోగా షుగర్ వల్ల చూపు పోయింది. వెలుతురు మాత్రం మసకగా తెలుస్తుంది.

"అక్కా, చూపు పోకముందు పుప్పొడి కలిపి గింజలేసిన కొత్త మొక్కలు పూసినయ్. మా ఆయన అన్నీ మంచిగున్నయ్ అంటడు. నాకు నమ్మబుద్ధయితలేదు. నువ్వొచ్చి జూసి చెప్పు" అంది.

పొద్దున్నే పెద్ద అంబర్‌పేట్‌లో బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగాను. అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డులో బస్సులు తరచూ ఉంటాయి. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే డబ్బుల్లేకుండా జీరో టికెట్టు. ఉదయం వెళ్లేవారు కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. పక్క సీట్లో యాచారం వెళ్లే పెద్దావిడ నా పని అడిగి తెలుసుకుంది. "పూలు సూడనీకే గింత దూరమా బిడ్డా?" అని, మళ్లీ తనే, "పోనీ, సావుకు పోతలేవు గదా" అంది.

ఇబ్రహీంపట్నం బస్టాండులో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో స్వరూప ఇంటికి చేరేసరికి పది దాటింది. లోపలి గదిలో కూలరు నడుస్తోంది. ట్యూబులైట్ల కింద రెండు అరల మీద చిన్న కుండీలు. ఆమె భర్త సత్తయ్య టీ తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

ఒక్కో కుండీ ఎత్తి చూశాను. అన్నీ మామూలు ఊదా పూలు. ఒక్కటి మాత్రం తెల్లగా పూసింది. దాని రేకులను అటూ ఇటూ తిప్పి చూశాను. స్వరూప ముఖం నావైపే తిప్పి కూర్చుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"అంచు రాలేదు స్వరూపా."

"దేనికీ?"

"దేనికీ రాలేదు. ఒకటి తెల్లది, అంతే."

సత్తయ్య గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆమె, రంగులు కలపడానికి పెట్టుకున్న తల్లి మొక్కలు, కొత్తవి అన్నీ నన్ను తీసుకుపొమ్మంది. పుప్పొడి అంటించడం ఇక తన వల్ల కాదట. ఇక్కడే ఉంచుకో, నేను వచ్చి చేసిపెడతానన్నాను.

"వాసన గూడ లేని పూలాయె అక్కా. కండ్లు లేనిదాన్ని, నాకెందుకు?"

తెల్ల పువ్వున్న కుండీ ఆమె చేతికిచ్చాను. లైటు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. "గిది జర మెరుస్తున్నట్టు అనిపిస్తంది. దీన్ని ఉండనీ" అంది.

అన్నం పెట్టేదాకా వదల్లేదు. పప్పు, దోసకాయ పచ్చడి. ఆమె తిన్నది తక్కువ.

మధ్యాహ్నం సత్తయ్య మొక్కలను అట్టపెట్టెలో సర్ది బస్టాండు దాకా వచ్చాడు. బస్సు వచ్చి నేను కూర్చున్నాక పెట్టె నా ఒళ్లో పెట్టి అన్నాడు:

"రోజు పొద్దున లేవంగనే అడుగుతుండె అక్కా, ఇయ్యాల ఎట్ల పూసినయ్ అని. నేను ఏదో ఒకటి చెప్తుంటి. ఇగ అడగది."

బస్సు కదిలింది. కిటికీలోంచి ప్లాట్ల బోర్డులు, వాటి వెనక ఎండిన చేలు ఒకదాని వెంట ఒకటి వెళ్లిపోయాయి. కుదుపులకు ఆకులు విరగకుండా పెట్టెను రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె అడిగింది నిజం, నేను చెప్పింది నిజమే. అయినా ఆ ఇంట్లో పొద్దున్నే మొగుడూపెళ్లాలు చెప్పుకునే ఒక మాటను ఆపి వచ్చాను. ఇబ్రహీంపట్నం ఎలా ఉందని ఇంటి దగ్గర అడిగితే, ఎండగా ఉందని మాత్రం చెప్పాను.