ముగ్గురని రాసిన కాగితం కోసం కర్నూలు ప్రయాణం

మున్నీ, ఈసారి నీ ఆఫీసుకు నేనే పోయి వచ్చాను.

చదివేవాళ్ళకు చెప్పాలి కదా. మున్నీ నా కూతురు. మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో మంచాన పడ్డ ముసలివాళ్ళ ఇళ్ళకు పోయి పుండ్లు కడిగి, మందులిచ్చేది. కర్నూలు సంస్థ ఒకటి గ్రాంటు తెచ్చి నడిపే సేవ అది. జ్వరంలోనూ సెలవు పెట్టలేదు. జ్వరం ముదిరి ప్రాణం పోయింది. నలభై దినాలయ్యాక సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. నాది నాలుగో తరగతి చదువు, కూడబలుక్కుని చదివాను. "మా ముగ్గురు సిబ్బందిలో ఒకరైన మీ కూతురు" అని ఉంది. ముగ్గురా? రెండేళ్ళలో దాని వెంట ఇంకో మనిషిని నేను చూడలేదు. ఆ ఇద్దరూ ఎవరో తేల్చుకుందామని బయల్దేరాను.

మైదుకూరులో పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఊరికే. ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా పదింటికి కర్నూలు చేరింది. బస్టాండు నుంచి ఆటోకు అరవై రూపాయలు. సందులు తిప్పుతుంటే దారి ఇదేనా అని డ్రైవరును గుచ్చి గుచ్చి అడిగాను.

"ఏమ్మా, దొంగ మాదిరి కనపడతాండానా? నమ్మకం లేకుంటే దిగి నడువు, నేను నీ ఎనకాల వస్తా" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆఫీసులో రిపోర్టులు రాసే సరోజ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అంత మర్యాద ఎందుకో అనిపించి గ్లాసు ముట్టుకోలేదు. గ్రాంటు ఇచ్చేవాళ్ళకు మూడు నెలలకొకసారి పంపే కాగితం చూపించమన్నాను. ఒక గడిలో అనుకున్న సిబ్బంది మూడు, పక్క గడిలో పనిచేస్తున్నవారు మూడు.

"తక్కిన ఇద్దరు యాడుండారు?"

"ఒకామె చేరనే లేదమ్మా. ఇంకొకాయన ఏడాది కిందటే మానేసినాడు."

"మరి మూడని రాసిందెవరు? నువ్వేనా?"

సరోజ కాగితం చివరికి తిప్పింది. కింద ఉన్నది మా మున్నీ సంతకం.

"మీ పక్క లెక్క రాసి పంపేది మున్నీనేనమ్మా. నేను వద్దంటి. ఒక్కదాన్నే అని రాస్తే ఈడ సేవ ఎత్తేస్తారు, మంచంలో ఉండేటోళ్ళను ఎవరు చూస్తారక్కా అనింది."

నమ్మలేదు. పాత కాగితాలన్నీ తీయించాను. అన్నింట్లోనూ దాని గుండ్రటి అక్షరాలే. బల్ల మీద కొత్త కాగితం కూడా ఉంది. పెన్సిల్‌తో మళ్ళీ మూడు.

"ఈ మూడులో మున్నీ కూడా ఉండాదా?"

సరోజ తల వంచుకుంది. "పైవాళ్ళు అట్లనే రాయమన్నారమ్మా."

"సచ్చిపోయిన నా బిడ్డను ఇంకా పనికి పంపుతాండారా?"

ఆమె పెన్సిల్ గీత చెరిపి, పెన్నుతో సున్నా పెట్టింది. "ఇది చూసి సేవ ఆపేస్తారేమోనమ్మా" అంది. పక్కన తేడాకు కారణం రాసే గడి ఖాళీగా ఉంది. "ముగ్గురి పని ఒక్కతే చేసి పోయింది, ఈసారి నిజంగా ముగ్గురిని పెట్టండి అని రాయి తల్లీ" అన్నాను. రాసింది. నేను మళ్ళీ అక్షరం అక్షరం చదువుకున్నాను.

ఆ కాగితం పంపుతారో, చించేస్తారో, నాకింకా అనుమానమే. వచ్చే నెల మళ్ళీ పోయి అడుగుతాను. మున్నీ మీద కోపమూ ఉంది. ఇంత బరువు మోస్తూ నాతో ఒక్క మాట అనలేదు. పొద్దున పోయి పొద్దుగూకి వచ్చే బిడ్డను, మధ్యాహ్నం ఏం తిన్నావని నేనూ నిలదీయలేదు. మీరు ఇట్లాంటి పని మీద పోతే పదకొండింటి లోపల చేరండి, రాయించింది జిరాక్సు తీసుకోకుండా లేవకండి. పనిలో పడి పస్తులుండకండి. వేళకు కడుపునిండా తినండి.