స్వర్ణ రాసుకున్న నలభై ఎనిమిది నిమిషాలు

మెడల్స్ పళ్ళెం పట్టుకుని స్టేజీ మీద నిలబడింది స్వర్ణే.

హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక్కో పేరు పిలిచినప్పుడల్లా ఒక పిల్లో పిల్లవాడో వచ్చి మెడ వంచుతున్నారు. ఆయన చెయ్యి పళ్ళెంలోకి వచ్చి ఒక మెడల్ తీసుకుంటోంది. పదహారు మెడల్స్. అందులో స్వర్ణది లేదు. పొద్దున వనజాక్షి టీచరే పిలిచి చెప్పింది, "నువ్వైతే వణక్కుండా పట్టుకుంటావు తల్లీ, నువ్వే నిలబడు" అని. అవార్డు రాని పిల్లచేతనే అవార్డులు మోయించడం ఎంత అన్యాయమో ఆ బడిలో ఒక్కరికీ తోచలేదు. స్వర్ణకు తోచింది. అయినా పళ్ళెం అందుకుంది.

స్నేహితురాలు ఫరీన్ మెడ వంచినప్పుడు స్వర్ణ మొహం చూడలేక కళ్ళు దించుకుంది. అదే తరగతి వినోద్ మాత్రం మెడల్ సర్దుకుంటూ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు:

"ఏం స్వర్ణా, పళ్ళెం పట్టినందుకు ఎన్ని నిమిషాలు రాసుకుంటున్నావు? మమ్మల్ని గూడా కలిపి పంచు!"

వెనక వరసలో ఇద్దరు కిసుక్కున నవ్వారు.

ఆ ఎగతాళి వెనక ఆరు నెలల కథ ఉంది.

మైపాడుకు దక్షిణాన, రొయ్యల గుంటలు దాటి ఇసకలోకి దిగితే వచ్చే పాలెం స్వర్ణది. నాయన పోలేరయ్య ఇంకొకరి పడవ మీద వేటకు పోతాడు. అమ్మ రొయ్యల షెడ్డుకు పోతుంది. తెల్లారకముందే వ్యాను వస్తుంది, ఆడవాళ్ళను ఎక్కించుకుంటుంది, పొద్దుగూకినాక దింపుతుంది. ఇంట్లో ఉండేది అవ్వ మస్తానమ్మ. ఆమె చేతిలో వల అల్లే సూది ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది.

స్వర్ణ పదో తరగతికి వచ్చిన జూన్‌లో బడికి ఒక పథకం వచ్చింది. పేరు యువ స్వయంవికాస పురస్కారం. పిల్లలు దాన్ని అవార్డు స్కీము అన్నారు. సేవ, నైపుణ్యం, వ్యాయామం, సాహస యాత్ర అని నాలుగు భాగాలు. నైపుణ్యానికి ఆరు నెలల్లో ఇరవై నాలుగు గంటలు చూపించాలి. ప్రతి వారం చేసింది రికార్డు పుస్తకంలో ఎవరిది వాళ్ళే రాసుకోవాలి. అవార్డు వచ్చిన పిల్లలకు నెల్లూరులో ఒక ట్రస్టువాళ్ళు ఇంటర్ సీటు, హాస్టలు ఉచితంగా ఇస్తామన్నారు.

పోలేరయ్య ఆ మాట విని అన్నాడు, "సీటొస్తే పోమ్మా. నేనొద్దనను. రాకుంటే మాత్రం అమ్మతోపాటు వ్యానెక్కాల. నాకింతకంటే దారి కనపడ్డంలా."

స్వర్ణ నైపుణ్యం దగ్గర 'వల మరమ్మతు' అని రాసింది. వనజాక్షి టీచర్ నవ్వింది. "అది మీ ఇంటి పనే కదే. నైపుణ్యం అంటే కంప్యూటరో, కీబోర్డో, పెయింటింగో!" అయినా జాబితాలో చేతిపనులు అని ఉంది కాబట్టి ఒప్పుకుంది. పదిహేనేళ్ళ పిల్ల చిరిగిన వల చేతిలోకి తీసుకుని ఏ కన్ను ఎక్కడ తెగిందో తడిమి చెప్పగలిగితే అది ఇంటి పని. అదే పని ఏసీ గదిలో ఫీజు కట్టి నేర్చుకుంటే నైపుణ్యం. మన బళ్ళు పిల్లలకు చెప్పకుండానే నేర్పే పాఠాల్లో ఇదొకటి.

మొదటి ఆదివారం పాక కింద ఐదుగురు కూర్చున్నారు. స్వర్ణ, అవ్వ, మరో ముగ్గురు ఆడవాళ్ళు. నాలుగు గంటలు కుట్టాక స్వర్ణ పుస్తకం తీసింది.

"ఏందమ్మే ఆ రాసేది?" అంది అవ్వ.

"గంటలవ్వా. ఎంతసేపు చేస్తే అంత రాయాల. ఇరవై నాలుగైతే బిళ్ళ ఇస్తారు."

"నాలుగ్గంటలూ నీ పేరునే ఏసుకుంటావా? ఓసి దొంగమొహమా! మేం కుట్టలేదా? మా వాటా ఏదీ?"

"నా వాటా నాకిచ్చెయ్ పిల్లా," అంది పక్కనున్నామె. "నేను గూడా ఒక బిళ్ళ మెళ్ళో తగిలించుకుంటా, మా ఆయన చూసి జడుసుకుంటాడు!"

అందరూ పగలబడి నవ్వారు. స్వర్ణా నవ్వింది. కానీ కలం ఆగిపోయింది.

ఆ పాలెంలో అలివి వల లాగుతారు. సముద్రంలో వల చుట్టి, దాని రెండు తాళ్ళూ పట్టుకుని ఒడ్డు మీంచి అందరూ లాగే వల అది. తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంటుంది. బలంగా లాగినవాడికి ఒకటి, జ్వరంతో వచ్చి తాడు కొస పట్టుకు కూర్చున్నవాడికి ఒకటి. పడిన చేపంతా నాదే అన్న మనిషిని స్వర్ణ పుట్టి ఎరగదు. పదిమంది చేసిన పనిని ఒక్క పేరు మీద రాసుకోవడమంటే ఆ పిల్లకు పక్కవాళ్ళ తట్టలో చెయ్యి పెట్టినట్టే.

అందుకని మొదటి పేజీలో ఇలా రాసింది: 'వల మరమ్మతు. నాలుగు గంటలు, ఐదుగురు. నా వాటా నలభై ఎనిమిది నిమిషాలు.' ఆ తర్వాతి పేజీల్లో ఆ వివరం లేదు, నలభై ఎనిమిది నిమిషాలు అని మాత్రం ఉంది. ఇరవై నాలుగు ఆదివారాలు, ఒక్కటీ తప్పలేదు. తుపాను హెచ్చరిక ఉన్న వారం కూడా టార్పాలిన్ పట్ట కప్పుకుని కూర్చున్నారు.

పుస్తకాలు ఇవ్వాల్సిన ముందురోజు సాయంత్రం బడి వరండాలో సగం తరగతి కూర్చుని ఆరు నెలలూ ఒక్క గంటలో రాసేసింది. అనుమానం రాకుండా పెన్నులు మార్చుకున్నారు. వినోద్‌ది కీబోర్డు. వాళ్ళింట్లో కీబోర్డు లేదు, వాళ్ళ మామ ఫోనులో ఉంది. ఫరీన్ ఒక్కతే తన మెహందీ డిజైన్లు నిజంగా వారం వారం వేసింది. ఆ పిల్ల స్వర్ణ పుస్తకం కూడి చూసి గాబరా పడింది.

"పంతొమ్మిది గంటల పన్నెండు నిమిషాలేనే! ఇంకో ఐదు గంటలు కలిపెయ్."

"ఎవురివి కలిపేది? అవ్వవా?"

"ఎవురివో ఒకరివి! ఎవురు చూస్తారే?"

"అడుగుతారులే. అడిగితే చెప్తా."

ఎవరూ అడగలేదు. వనజాక్షి టీచర్ ముందు అరవై పుస్తకాలున్నాయి, వాటికి తోడు మధ్యాహ్న భోజనం ఫొటోలు, హాజరు యాప్. పుస్తకాలన్నిటి మీదా ఒకేసారి కూర్చుని సంతకాలు పెట్టింది. పైన చూసినవాళ్ళు చివరి అంకె చూశారు. పుస్తకం ఎర్ర సిరాతో తిరిగొచ్చింది: 'గంటలు చాలవు. అనర్హం.'

"ఎందుకే ఇంత తక్కువ?" అని టీచర్ కోప్పడితే స్వర్ణ మొదటి పేజీ తీసి చూపించింది. టీచర్ రెండుసార్లు చదివింది.

"అంటే ప్రతి ఆదివారం నాలుగు గంటలూ కూర్చున్నావా?"

"ఊఁ టీచర్."

"అయ్యో పిచ్చితల్లీ... తొంభై ఆరు గంటలే!"

అప్పటికప్పుడు పథకం ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల గొంతు స్వర్ణకూ వినపడింది. "పోర్టల్ మూసేశాం మేడం. ఒకరికి తెరిస్తే అందరూ అడుగుతారు."

"సార్, ఆ అమ్మాయి నిజంగా చేసింది. పుస్తకంలోనే రాసుంది."

"చేసుంటే సరిగ్గా రాసుండాల్సింది."

టీచర్ ఫోన్ పెట్టేసి స్వర్ణ తల నిమిరింది. ఒక కాగితం రాసి పై ఆఫీసుకు పంపగలిగేది. పంపలేదు. ఆ జాలే నెల తిరిగేసరికి స్వర్ణ చేతికి పళ్ళెం ఇచ్చింది.

పరీక్షల్లో స్వర్ణకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ట్రస్టువాళ్ళు అడిగింది అవార్డు. జూన్‌లో ఆ పిల్ల అమ్మ పక్కన వ్యానెక్కింది. షెడ్డులో రోజంతా మంచులో చేతులుంచి రొయ్యల తలలు తీస్తుంది. వేళ్ళ కొసలు పగిలి, వల కుట్టబోతే నైలాన్ దారం ఆ పగుళ్ళలో ఇరుక్కుంటుంది. అందుకని ఆదివారాలు వల దగ్గర కూర్చోదు. మస్తానమ్మ కూడా రమ్మనదు.

"నా నోరు పడిపోను. నేనాడిన పరాచకమే నిన్ను ముంచింది గదే," అంటుంది ముసలామె, వారానికొకసారైనా.

"నువ్వు అబద్ధం చెప్పలేదులే అవ్వా," అంటుంది స్వర్ణ. అంతకు మించి ఆ ఇంట్లో ఆ సంగతి నడవదు. పోలేరయ్య ఐతే ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి బయటికి పోతాడు.

తప్పు చేసింది ఆ పిల్ల కాదు. కలిసి బతకడం నేర్చుకున్న పిల్లను 'నువ్వు ఒక్కదానివి ఏం చేశావు?' అని అడిగి, ఆమె నిజం చెబితే వెనక్కి నెట్టి, ఒక్క సాయంత్రంలో కల్లబొల్లి లెక్కలు రాసినవాళ్ళ మెళ్ళో బిళ్ళలు వేశాం. దాన్ని వికాసం అన్నాం.

చదివి అయ్యో అనుకుని ఊరుకోకండి. ఇలాంటి పథకాల్లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు మళ్ళీ నమోదు కావచ్చు. కాకపోతే ఒక బడో, కాలేజో, సంఘమో వాళ్ళ తరఫున పుస్తకం తెరవాలి. బడి మానేసిన పిల్ల తనంతట తాను తెరవలేదు. మీరు టీచరైతే, సంఘంలో ఉంటే, మీ దగ్గరి షెడ్డుకో బట్టీకో పోతున్న ఒక్క పిల్ల పేరన్నా ఈ జూలైలో నమోదు చేయించండి. బడి కమిటీ సమావేశానికి వెళ్ళి, కిందటేడు తిరిగొచ్చిన పుస్తకాలు బయటికి తీయమని అడగండి. వాటిని దిద్దే పని మీదే ఐతే, ఎర్ర సిరా వాడే ముందు ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పని ఎంతమంది కలిసి చేశారో, ఎంతసేపు చేశారో అడగండి. చెప్పింది పూర్తిగా వినండి.