గడప దగ్గర పడే చాచా

నా చిన్నప్పుడు సికింద్రాబాద్ కార్ఖానా బస్తీలో మా పక్కింటి చాచా రోజూ పడుతూనే ఇంట్లోకి వచ్చేవాడు. తాగి కాదు, ఆయన కల్లు కూడా ముట్టేవాడు కాదు. పడటం ఆయన ఉద్యోగం. కంటోన్మెంటులో తెల్ల సిపాయిల కోసం పెట్టిన డాన్సు హాలు ఒకటి ఉండేది. అక్కడ బ్యాండు వాయిస్తుంటే ఆడవాళ్ళు ఆడేవారు. ఒక ఆట అయి మరో ఆటకు వాళ్ళు బట్టలు మార్చుకునేలోపు జనం గోల చేయకుండా చాచా జోకరు వేషంలో వచ్చి, కుర్చీలోంచి జారి, మెట్ల మీదనుంచి దొర్లి నవ్వించేవాడు. మా నాయనమ్మకు ఆ హాలు పేరెత్తితేనే మంట. "ఇజ్జత్ లేని కొలువు" అనేది. అలా అంటూనే సాయంత్రమయ్యేసరికి మా అరుగు మీద చేరేది, చాచా రాక చూడటానికి.

పగలంతా హాల్లో సాధన చేసి, దీపాలు పెట్టే వేళకు ఆయన భోజనానికి వచ్చేవాడు. గుమ్మం దాకా పెద్దమనిషిలా నడిచి, గడప తగిలినట్టు నటించి, టోపీ ఒక దిక్కు, తానొక దిక్కు ధబ్బున పడేవాడు. లోపలినుంచి చాచీ "వచ్చిండు మా దొర" అని నవ్వేది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, అప్పుడప్పుడే మీసాలు వస్తున్నవాడు, సిగ్గుపడుతూ తండ్రిని లేపేవాడు. ఆ చప్పుడు వింటేగాని మా వీధిలో పొద్దుగూకినట్టు ఉండేది కాదు.

నేను మొండిదాన్ని. నాకూ పడటం నేర్పమని చాచా వెంటపడ్డాను. ఆడపిల్లకు ఆ పనులెందుకని అమ్మ గొణిగింది గాని, చాచా నేర్పాడు. వాళ్ళ వాకిట్లో బొంత పరిచి, "భూమితోని కొట్లాడకు బిడ్డా. పడే ముందుగాల ఊపిరి ఇడిసిపెట్టు. అరచెయ్యితోని నేలను కొట్టు. చప్పుడు అరచెయ్యి చెయ్యాలె, ఒళ్ళు చెయ్యొద్దు. ఒళ్ళు చప్పుడు చేసిందంటే దెబ్బ తాకినట్టే" అన్నాడు. మోచేతులు గీరుకుపోయేదాకా పడి పడి చివరికి నేర్చుకున్నాను. అప్పటినుంచి ఆయన గడప దగ్గర పడ్డప్పుడల్లా ఆ అరచేతి చప్పుడు నాకు వేరుగా వినిపించేది. వీధిలో అందరికీ అది మనిషి పడ్డ చప్పుడు, నాకు మాత్రం చెయ్యి చప్పుడు. ఆ కిటుకు తెలిసినందుకు ఎంత మిడిసిపడ్డానో!

తరువాత రోజులు చెడ్డాయి. తెల్ల సిపాయిలు వెళ్ళిపోయారు, హాలుకు జనం పలచబడ్డారు. రజాకార్ల భయంతో మేము చీకటి పడకముందే తలుపులు మూసుకునేవాళ్ళం. అప్పుడు చాచా భోంచేసి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు, ముసల్మానైన తనను దాటి మా ఇంట్లోకి ఎవరూ రారని. ఇండియా సైన్యం వస్తుందన్న మాట గట్టిపడేసరికి, బీదర్ వైపు పల్లెలో ఒంటరిగా ఉన్న తన తల్లి గురించి చాచీకి బెంగ పట్టుకుంది. "అమ్మమ్మను తోల్కొని రా పో బిడ్డా" అని కొడుకును ఆమే పంపింది. దారిలో తినమని రొట్టెలు మూట కట్టి ఇచ్చింది కూడా. వాడు వెళ్ళిన వెనకే పోలీసు చర్య జరిగింది. నిజాం లొంగిపోయాడని మా వీధిలో మిఠాయిలు పంచారు. మేమూ తిన్నాం. పక్కింట్లో మాత్రం పొయ్యి వెలగలేదు. ఈసారి మా నాన్న వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు.

కొడుకు తిరిగి రాలేదు. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళ మాటలు మేము దగ్గరికి రాగానే పెద్దవాళ్ళు ఆపేసేవారు. ఆపేసిన చోటే మాకు భయం వేసేది. చాచీ అన్నం మానేసింది. "నేనే పంపితి, నేనే పంపితి" అని గోడకు చెప్పుకునేది. మా అమ్మ గంజి కాచి తీసుకువెళ్ళి, పక్కన కూర్చుని బతిమాలేది.

హాలు మూతపడింది. అయినా చాచా సాయంత్రం కాగానే టోపీ పెట్టుకుని బయలుదేరేవాడు, సికింద్రాబాద్ స్టేషనుకు. బీదర్ నుంచి వికారాబాద్ మీదుగా వచ్చే బండి దిగే ప్రతి మొహాన్నీ చూసి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేవాడు. వచ్చి, ఎప్పటిలాగే గడప దగ్గర పడేవాడు. కొడుకు ఏమయ్యాడో తెలియదు, ఈయనకు ఇంకా ఈ కోతివేషాలేమిటని వీధిలోవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చాచీ నవ్వేది కాదు, తల కూడా తిప్పేది కాదు. కాని ఆ చప్పుడు విన్నాకే అమ్మ చేతిలోని గంజి గిన్నె అందుకునేది. అది మా అమ్మ కనిపెట్టింది. ఆయన పడ్డాడంటే చెడు కబురు రాలేదన్నమాట, ఇంకో రోజుకు ఆశ ఉందన్నమాట. ఆలుమగలిద్దరూ ఆ సంగతి ఎప్పుడూ నోటితో అనుకోలేదు.

ఒక సాయంత్రం అమ్మతోపాటు నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. చాచా వచ్చాడు. గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. కాలు జాగ్రత్తగా ఎత్తి, గడప దాటించి లోపల పెట్టాడు. టోపీ నెత్తిమీదే ఉంది. అంత నిదానంగా, అంత సరిగ్గా ఆయన గడప దాటగా నేను ఎన్నడూ చూడలేదు. నా భుజం మీద అమ్మ చెయ్యి బిగుసుకుంది.

చాలా రోజుల తరువాత చాచీ తల తిప్పి ఆయన్ను చూసింది.

"ఏందయ్యా, గట్ల నడిచొస్తున్నవ్?" అంది.

ఆయన చెయ్యి టోపీ మీదికి పోయింది.

"మళ్ళ బయటికి పో. ఎప్పటి లెక్కనే రా. పడు." ఆమె గొంతు పెంచలేదు, బతిమాలింది. "నీ కాళ్ళు మొక్కుత, జెర పడు."

చాచా వెనక్కి తిరిగి గడప దాటి బయటికి వెళ్ళాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు. మళ్ళీ వచ్చాడు. గడప తగిలింది, పడ్డాడు. టోపీ దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నేను అరచేతి చప్పుడు కోసం చెవులు రిక్కించాను. అది రాలేదు. ఒళ్ళు చప్పుడు చేసింది.

ఆయన లేవలేదు. చాచీ పాకుతూ వెళ్ళి ఆ తలను ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, అన్ని రోజులూ బిగబట్టుకున్నదంతా. ఆ ఏడుపు విని మా నాయనమ్మ పరుగున వచ్చి, "ఇజ్జత్ లేని కొలువు" అన్న నోటితోనే "కొడుకా, కొడుకా" అంటూ చాచా పక్కన కూలబడింది. బీదర్ వైపు ఆ పల్లెవాడొకడు ఆ రోజు స్టేషనులో దిగి చెప్పాడట, అమ్మమ్మా మనవడూ ఇద్దరూ పోయారని. ఎలా పోయారో చాచా మా నాన్నకు చెప్పాడు. మా నాన్న తన ప్రాణం ఉన్నంతకాలం మాకెవరికీ చెప్పలేదు.

కొడుకు కోసం ఎదురుచూసిన ఆ సాయంత్రాలన్నీ ఆయన ఎవరినీ నవ్వించడానికి పడలేదు. ఆ గంజి చాచీ గొంతు దిగడానికి పడ్డాడు. జోకరు చేయగలిగింది అంతే, అంతకు మించి చేయగలిగినవాళ్ళు ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఇప్పుడు మా ఇంట్లో పరీక్షలకూ ఆసుపత్రులకూ వెళ్ళి వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. హడావుడిలో ఎవరైనా గడప తగిలి తూలితే అందరూ "అయ్యో, దెబ్బ తగిలిందా" అని లేస్తారు. నేను మాత్రం కూర్చున్న చోటే హాయిగా ఊపిరి విడుస్తాను. నాకు భయమల్లా, వచ్చినవాళ్ళు గుమ్మం ముందు ఆగి, చెప్పులు మెల్లగా విడిచి, జాగ్రత్తగా లోపలికి అడుగు పెట్టినప్పుడే.