కొండ మీద కాటుక

కెనడాలోని రెజైనాలో నేను చదువుకున్న రోజుల్లో మా బేస్‌మెంట్‌లో ఐదుగురం అమ్మాయిలం ఉండేవాళ్ళం. మిగతా నలుగురూ కాఫీ షాపుల్లో, గోడౌన్లలో నిలబడి కాళ్ళు వాచేలా పనిచేస్తుంటే, నాకు మాత్రం యూనివర్సిటీ లైబ్రరీలో పాత పుస్తకాల గదిలో పార్ట్‌టైమ్ దొరికింది. "హీటర్ పక్కన కూర్చుని బొమ్మలు చూస్తావ్, నీకేంటే" అనేవాళ్ళు. నిజమే, నాకేం.

ఆ గదికి పెద్ద, ఇంకొన్ని నెలల్లో రిటైరయ్యే ఒక ముసలాయన. కేప్ టౌన్‌లో పుట్టి, వయసులో ఉండగానే కెనడా వచ్చేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. ఆ చలికాలం ఎన్నో ఉత్తరాలు రాసి, మరో ఊరి మ్యూజియం నుంచి ఒక రాతప్రతిని ఫొటోలు తీయడానికి తెప్పించారు. రెండు వందల ఏళ్ళ కిందట ఎద్దుల బండి మీద ఆఫ్రికా దక్షిణ భాగమంతా తిరిగిన ఒక యాత్రికుడు తన చేత్తోనే రాసి, బొమ్మలకు రంగులు వేసుకున్నది. జలపాతాలు, గుహలు, పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉండే కేప్ టౌన్ కొండ టేబుల్ మౌంటెన్. ఆ కొండ బొమ్మ దగ్గర ఆయన రోజూ ఆగేవారు. "మా ఇల్లు ఇక్కడ" అని కాగితానికి తగలకుండా వేలు పెట్టి చూపించేవారు.

ఒకరోజు ఆయన కాఫీకి వెళ్ళారు. కుట్టు ఊడిన ఆ కొండ కాగితమే నా చేతిలోంచి జారి బూటు మీద పడింది. మా ఇంట్లో బైబిలైనా, లెక్కల పుస్తకమైనా కాలు తగిలితే కళ్ళకద్దుకోవాల్సిందే. ఆలోచించే పనేముంది, తీసి కళ్ళకద్దుకున్నాను. దించి చూస్తే కొండ పైన ఆకాశంలో రెండు కాటుక మరకలు.

ఆయన వచ్చి చూశారు. చాలాసేపు భూతద్దం దించలేదు.

"ఇది వచ్చినప్పుడే ఉందా?"

"ఉంది సార్" అన్నాను. నోరు పడిపోయినా బాగుండేది.

రాతప్రతి ఏ స్థితిలో ఉందో రాసి పంపే ఫారంలో ఆయన 'పాత మరక' అని రాశారు. కానీ రాతప్రతి వచ్చినరోజు ప్రతి పేజీ పరీక్షించి, మరకలేవీ లేవని సంతకం పెట్టిందీ ఆయనే. మ్యూజియం వాళ్ళు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి అడిగారు. పొరపాటు తనదేనన్నారాయన. రాతప్రతి వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన్ని ఆ గదిలోంచి తీసి, మిగిలిన నెలలు ముందు కౌంటర్లో కూర్చోబెట్టారు. నేను రోజూ ఆ కౌంటర్ ముందు నుంచే లోపలికి వెళ్ళేదాన్ని. ఒక్క మాట చెబితే సరిపోయేది. పని పోతుందని భయం. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆయన చివరి రోజు వచ్చేసింది.

ఆరోజు నాకో కవరిచ్చారు. నేను అడక్కుండానే రాసిన రికమండేషన్ లెటర్. బస్‌స్టాప్‌లో గ్లవ్స్ తీసి చదివాను. శ్రద్ధ, సమయపాలన లాంటి మామూలు మాటల తర్వాత చివరి వాక్యం: "కింద పడిన కాగితాన్ని కళ్ళకద్దుకునే మనిషిని ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఈమెనొక్కరినే చూశాను."

తలుపు అద్దంలోంచి చూశారన్నమాట. మొదటినుంచీ తెలుసన్నమాట.

లైబ్రరీ రోడ్డుకి అవతలే. ఆయన ఇంకా కౌంటర్ దగ్గరే ఉన్నారు. బస్సొచ్చింది. ఎక్కేశాను.