కిటికీ వైపు చూసే పిల్ల

నా చిన్నప్పుడు మైపాడులో మా బడి కిటికీలోంచి సముద్రం కనిపించేది. అక్కడ కూర్చోబెట్టి పుస్తకం చూడమనడం, కంచంలో అన్నం పెట్టి ఆకలి వద్దనడమే. అయినా మిగతా పిల్లలు ఎలాగో చూసేవాళ్లు. నేను మాత్రం కిటికీ వైపు తిప్పిన తల ఇటు తిప్పేదాన్ని కాదు. మా అయ్యవారికి డిస్ట్రాక్షన్ అనే ఇంగ్లీషు మాట మహా ఇష్టం. ఆ ఏడాది ఆ మాటంతా నాకే ఖర్చయింది.

అమ్మ నన్ను కన్నప్పుడే పోయింది. వేటకు వెళ్లిన నాయన పడవ ఆ వానాకాలం తిరిగి రాలేదు. గాలివానకు ఏ ఒడ్డుకో కొట్టుకుపోయి ఉంటుంది, వస్తాడులే అని అందరూ నాకు చెప్పేవారు. చెప్పేటప్పుడు ఎవరూ నా ముఖం చూసేవారు కాదు.

చివరికి అయ్యవారు మా అవ్వను పిలిపించి, ఈ పిల్లకు మనసు నిలవదు, చదువు అబ్బదు అని తేల్చేశారు. సోమవారం నుంచి రొయ్యలు వలిచే షెడ్డుకు నన్ను తీసుకుపోతానంది అవ్వ. ఆ షెడ్డుకు కిటికీ లేదు. చదువు పోతుందని కాదు, సముద్రం కనబడదని ఏడుపొచ్చింది.

పక్కింటి అక్క రోజూ నెల్లూరు వెళ్లి టీచరు ట్రైనింగు చదివేది. సంగతి తెలిసి, ఆ సాయంత్రం బస్సు దిగీ దిగగానే మా ఇంటికి వచ్చింది. అవ్వ ఎదుటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పాఠం అప్పజెప్పమంటుందేమోనని బిక్కచచ్చిపోయాను.

"ఈ పొద్దు ఏయే పడవలొచ్చినాయి మే?" అని అడిగింది.

చెప్పాను. ఎవరి పడవ ముందు ఒడ్డుకు చేరిందో, దేనికి కొత్త రంగు వేశారో, ఎవరు వల చిరిగి ఉత్త చేతులతో దిగారో అన్నీ చెప్పాను. అడగకుండానే నిన్నటివీ చెప్పాను. అవ్వ నోరు తెరుచుకుని వింది.

"చూసినావా అవ్వా! డిస్ట్రాక్షనంటే మనసు పది చోట్లకి పోవడం. దీని మనసు ఒక్క చోటే ఉండాది. దీన్ని కాన్సంట్రేషన్ అంటారు" అంది అక్క. తర్వాత నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నీకు మనసు నిలవక కాదు మే. రాని పడవ మీద నిలిపినావు. మీ నాయన ఇంక రాడమ్మా."

నా ముఖం చూసి ఆ మాట చెప్పింది ఆమె ఒక్కతే. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నాళ్లూ నేను ఒంటరిగా ఎదురుచూశాను. ఆ సాయంత్రం మాత్రం ముగ్గురం కలిసి ఏడ్చాం.

సోమవారం నేను బడికే పోయాను. అక్క వెళ్లి ఏం మాట్లాడిందో ఏమో, అయ్యవారు మళ్లీ నన్ను డిస్ట్రాక్షన్ అనలేదు, కిటికీ పక్క నుంచి నన్ను లేపనూ లేదు. పుస్తకం వైపు తిరగడానికి చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు టీవీ చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నేను ఉలుకూ పలుకూ లేకుండా అయిపోతే, "అవ్వా, మళ్లీ డిస్ట్రాక్ట్ అయిపోయినావు" అని మనవరాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను. ఏడుస్తూ నేర్చుకున్న ఆ తేడా వాళ్లకు చెప్పాలనిపించదు. నాయన రాడని నాకు తెలుసు. అయినా నా మనసు ఎక్కడికీ పోలేదు, ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఉంది.