అత్తింటి పెరట్లో పిడుగురాయి

నేల మీద పడున్న ఒక రాయిని వంగి తీసుకున్నందుకు నా పెళ్ళి పెటాకులయ్యే దాకా వచ్చింది. ఆ కథ వింటే దారిలో బంగారు ఉంగరం కనబడినా మీరు వంగరు.

వయసులో ఉన్నప్పుడు నా చూపెప్పుడూ నేల మీదే. ఏదుపంది ముళ్ళు, నత్తగుల్లలు, పాత పెంకులు, తుప్పు పట్టిన గుర్రపు నాడాలు, ఏది దొరికినా జేబులోకే. నంద్యాలలోని మా ఇంట్లో నా గదిని నేను మ్యూజియం అనేవాణ్ణి, మా అమ్మ చెత్తకుండీ అనేది. అందులో లేనిదల్లా పిడుగురాయి. పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడుతుందని పెద్దలు చెప్పే నున్నటి నల్లరాయి. అవి రాతియుగం మనుషుల గొడ్డళ్ళని ఎక్కడో చదివాను గానీ, అంత చప్పటి నిజం ఎవరికి కావాలి?

పెళ్ళిచూపులకు ఆళ్లగడ్డ వెళ్ళాం. ముందురోజు ఉరుములు, మెరుపులతో వాన. రేగడి మట్టి అంటుకుని నా కాళ్ళు ఏనుగు పాదాలయ్యాయి. కడుక్కుందామని పెరట్లోకి వెళ్తే, నీళ్ళ తొట్టి పక్కన బురదలో కనబడింది. నల్లగా, నున్నగా, అరచేతిలో అమరేట్టు, ఒకవైపు అరిగి. నేను పెళ్ళికూతుర్ని చూడకముందే మనసిచ్చేశాను, రాయికి.

లోపల పిల్ల తండ్రి నడుం పట్టుకుని కూర్చున్నాడు. తాళం వేసిన బీరువాలాంటి మనిషి. మా అమ్మ ఎన్ని మాటలు కలిపినా ఊకొట్టడం తప్ప నోరు విప్పలేదు. సంబంధం జారిపోతోందని నాకు అర్థమైంది. రాయి బయటికి తీశాను.

"ఏందప్పా అది?"

"పిడుగురాయి మామా. రాత్రి మీ పెరట్లోనే పడింది."

"దేనికి పనికొస్తాది?"

చూసుకోవడానికి అని ఊరుకుంటే ఈ కథే లేదు. "నడుం నొప్పికి మామా. కడిగిన నీళ్ళు తాగల్ల" అన్నాను.

క్షణాల్లో రాయి పళ్ళెంలోకెక్కింది, పసుపు, కుంకుమతో. అందరూ కళ్ళకద్దుకున్నారు, మా అమ్మతో సహా. మామ గ్లాసుడు నీళ్ళు తాగి, నడుం తేలికైందని ఇంకో గ్లాసు అడిగాడు. పెళ్ళికూతురు సులోచన పైట నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గనుకున్నాను.

అప్పుడు పెరటి వాకిట్లోంచి మామ తల్లి తడి జుట్టుతో లోపలికొచ్చింది.

"నా రాయి ఎవురు తీసినార్రా? అప్పట్నుంచి ఎతుకుతాండా."

"ఏం రాయమ్మా?" అన్నాడు మామ.

"కాళ్ళ పగుళ్ళు రుద్దుకునేది." ఆమె పళ్ళెం వైపు చూసింది. "దానికి బొట్టెవురు పెట్టినారు?"

మామ గ్లాసు వైపు చూశాడు. అవ్వ మడమల వైపు చూశాడు. చివరికి నా వైపు చూశాడు. మా అమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. నేనూ లేచాను.

"కూచోప్పా" అన్నాడు మామ. "ఇది బయటికి పోతే నేను బజార్లో తలెత్తుకోలేను. బయటోనివైతే ఊరంతా చెప్తావ్. అల్లునివైతే నోరు మూసుకుంటావ్. ముహూర్తం చూపిస్తా."

పెళ్ళయ్యాక సులోచనను అడిగాను, ఆ రాయి సంగతి ముందే తెలుసా అని.

"తెలీకేం? అవ్వ కాళ్ళు రుద్దేది నేనే కదా."

"మరి చెప్పలేదేం?"

"మా నాయన ఒకరి మాట ఇనింది అదే మొదలు. ఆపబుద్ధి కాలే."

మామ లెక్క కొంచెం తప్పింది, అల్లుడు కూడా నోరు మూసుకోలేదు. అందుకు ప్రాయశ్చిత్తంగా మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నేల మీద ఎంత నున్నటి రాయి కనబడినా, అది ఎవరి మడమ తాలూకుదో విచారించుకోనిదే ముట్టుకోను.